క్రాపు నుంచి స్ట్రెయిటనింగ్ దాకా

భద్రాచలం ఏజెన్సీ పల్లెల నుంచి చదువు కోసం పాల్వంచకో, కొత్తగూడేనికో, ఖమ్మానికో వస్తున్న ఆడపిల్లల్లో కొందరి ముందు ఇవాళ ఒక ప్రశ్న ఉంది. ఉంగరాలు తిరిగిన జుట్టును బ్యూటీ పార్లరులో మందు పెట్టించి శాశ్వతంగా సాపు చేయించుకోవాలా, వద్దా? భూములు అన్యాక్రాంతమైన చోట, పోడు పట్టాల కోసం ఏళ్ళ తరబడి తిరుగుతున్న చోట జుట్టు గురించి వ్యాసమేమిటని పాఠకులు అడగవచ్చు. అయితే ఆ పిల్లకు ఇది చిన్న ప్రశ్న కాదు. "చింపిరి జుట్టు" అనీ, "పిచ్చుక గూడు" అనీ ఆమె విన్న మాటలు ఇందులో ఉన్నాయి. కొలువుకు పోతే ఎదుటివాడు మొదట చూసేది తన తలనే అన్న భయం ఉంది. అమ్మానాన్నలు తునికాకు కోసి తెచ్చిన డబ్బు ఉంది. యాభై ఆకుల కట్టకు చేతివేళ్ళ మీద లెక్కపెట్టగల రూపాయలు వచ్చే సీమలో, వేల రూపాయల స్ట్రెయిటనింగ్ అంటే ఎన్ని వందల కట్టలో ఆమెకు నోటిలెక్క.

ఈ ప్రశ్నకు మన సమాజం దగ్గర రెండు సిద్ధసమాధానాలున్నాయి. ఒకటి మార్కెట్టుది: నీ జుట్టు, నీ ఇష్టం, నీ డబ్బు, చేయించుకో. రెండోది మన శిబిరంలోనే తరచు వినిపించేది: ఇదంతా వినిమయ సంస్కృతి కల్పించిన వ్యామోహం, సహజంగా ఉండు. మొదటిది ఆమె ఇష్టం ఎక్కడ పుట్టిందో అడగదు. రెండోది ఆమె జుట్టును అలాగే ఉంచుకుంటే ఏమి నష్టపోతుందో అడగదు. రెండింటికీ చరిత్ర అక్కరలేదు. ఆ చరిత్రను స్థూలంగానైనా పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

మొట్టమొదట చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. సాపు జుట్టే అందమన్న భావం తెలుగువాళ్ళకు తాతలనాటిది కాదు. వంపులు తిరిగిన ముంగురులకు సంస్కృతం నుంచి తెచ్చుకున్న "అలకలు" అనే మాట మన కావ్యాల నిండా ఉంది. "కుటిల కుంతల" అనటం ఆ కావ్యాల్లో పొగడ్త. అమరావతి శిల్పులు బుద్ధుడి తల మీద చెక్కినవి చుట్టలు చుట్టుకున్న చిన్న చిన్న ఉంగరాలు. వాడుక భాషలో సైతం ఆ జుట్టుకు మనం పెట్టుకున్న పేరు వేలికి పెట్టుకునే నగ పేరు. పల్లె జనం కోరుకున్నది పొడుగూ, ఒత్తూ. బారెడు జడ అన్నారు. గీత గీసినట్టుండే జడ అనలేదు. నూనె రాసి, దువ్వి, జడ అల్లి కొప్పు పెట్టే ఇంట్లో వెంట్రుక సాపుగా ఉందా, వంపు తిరిగి ఉందా అన్నది పట్టింపు కాలేదు.

అంతమాత్రం చేత పాత సమాజం ఈ విషయంలో నిర్దోషి అనుకోరాదు. ముంగురుల పొగడ్త నాయికకు దక్కింది. అడవి మనిషికి వేరే కొలత ఉంది. దుమ్ముగూడెం దగ్గరి పర్ణశాలను రామాయణ కథాస్థలమని జనం నమ్ముతారు. అరణ్యకాండలో వాల్మీకి రాముడినీ శూర్పణఖనూ ఎదురెదురుగా నిలబెట్టి ఒక్కొక్క అవయవాన్నే పోలుస్తూ, అతనిది మంచి జుట్టనీ, ఆమెది రాగిరంగు జుట్టనీ అంటాడు. అక్కడ ఉన్నది రంగు గురించిన నింద. అదే రాగిరంగును ఇవాళ పార్లరులో డబ్బిచ్చి మరీ వేయించుకుంటున్నారు! తరవాతి కాలపు క్యాలెండరు బొమ్మల్లో, నాటకాల్లో, సినిమాల్లో రాక్షసులకు నల్లరంగుతో పాటు విరబోసిన రింగుల జుట్టు కూడా వచ్చి చేరింది. ఊరికీ అడవికీ మధ్య గీత గీయటానికి జుట్టు కూడా ఒక సాధనమయింది.

ఆ గీతకు శాస్త్రం పేరుతో ముద్ర వేసింది వలస పాలన. 1860లో నిజాం నుంచి బ్రిటిషువారి చేతికి వచ్చిన భద్రాచలం ప్రాంతం మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిసింది. ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో. దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ 1870లలో ఈ తాలూకాల గురించీ కోయల ఆచారాల గురించీ "ఇండియన్ ఆంటిక్వరీ" పత్రికలో రాశాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథంలో ఆ రాతలను వాడుకున్నాడు.

థర్‌స్టన్ కొలబద్దలు పట్టుకుని జనం మధ్య తిరిగిన మనిషి. ముక్కు వెడల్పూ, పుర్రె పొడవూ అంకెల్లోకి దించాడు. జుట్టు తీరును రాసుకున్నాడు. ఇదే దేహమాపనం గురించి మద్రాసు పోలీసులకు పాఠాలు కూడా చెప్పాడు. వయనాడు పణియ స్త్రీలు తనను చూసి పారిపోయారనీ, తమలో చక్కనివాళ్ళను ఎంచి మ్యూజియం కోసం కూరిన బొమ్మలుగా మారుస్తాడని భయపడ్డారనీ ఆయనే వినోదంగా రాసుకున్నాడు. ఆ స్త్రీల భయం మనకు నవ్వు తెప్పించదు. వాళ్ళకు వివరం తెలియకపోయినా సారాంశం తెలిసింది. కొలిచేవాడి కంట్లో మనిషి వస్తువుగా మారిపోతున్నదని వాళ్ళు గ్రహించారు.

జుట్టును బట్టి మనుషులను విడగొట్టే పద్ధతి అప్పటికే యూరపులో స్థిరపడింది. 1820లలో బోరి ద సెయింట్ విన్సెంట్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు మానవజాతిని సాపు జుట్టువాళ్ళు, ఉన్ని జుట్టువాళ్ళు అని రెండు రాశులు పోశాడు. మన దేశంలో 1931 జనాభా లెక్కల జాతి విభాగాన్ని నిర్వహించిన బి.ఎస్. గుహ, కొచ్చిన్ కొండల కాడర్లలో కొందరి చుట్టల జుట్టును ఆధారం చేసుకుని నిగ్రిటో జాతి ఉనికిని ప్రతిపాదించాడు. ఒక తెగ వేల ఏళ్ళ పుట్టుపూర్వోత్తరాలకు కొన్ని వెంట్రుకలు సాక్ష్యమయ్యాయి.

ఈ ఆలోచన చట్టమయితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూపించింది. 1950 జనాభా నమోదు చట్టం కింద ప్రతి మనిషికీ ఒక జాతి గడి కేటాయించారు. సందేహం వచ్చిన చోట అధికారులు వాడిన పరీక్షల్లో ఒకటి పెన్సిలు పరీక్ష. జుట్టులో పెన్సిలు దూర్చి చూసేవారు. అది జారి కింద పడితే ఒక జాతి, చిక్కుకుని నిలిస్తే మరొక జాతి. ఏ బడిలో చదవాలో, ఏ వీధిలో ఉండాలో, ఎవరిని పెళ్ళాడవచ్చునో ఆ పెన్సిలు చెప్పింది. 1860 నుంచి నేటాలు చెరకు తోటలకు ఓడలెక్కిన తెలుగు కూలీల సంతతి కూడా ఆ దేశంలో ఆ చట్టం గడుల్లోనే బతికింది. 1991లో గాని ఆ చట్టం రద్దు కాలేదు.

మన రాజ్యాంగ వ్యవస్థ ఆ దారి పట్టలేదు. షెడ్యూల్డు తెగలను గుర్తించటానికి 1965లో లోకూర్ కమిటీ చెప్పిన లక్షణాల్లో ఒంటి తీరు లేదు. ఆ కమిటీ వాడిన ఆదిమత్వం, బయటివారితో కలవటానికి బిడియం వంటి మాటల మీద మనకు వేరే అభ్యంతరాలున్నాయి, అది వేరే చర్చ. అయితే చట్టంలో లేనిది తెరకెక్కింది. తెలుగు సినిమాలో కోయదొర కనబడితే చాలు, ముఖానికి మసి, నెత్తికి రింగుల విగ్గు, దాని మీద ఈక, నోట అర్థం లేని కూతలు. నిజానికి గిరిజనులందరి జుట్టూ ఒకటిగా ఉండదు. ఒకే ఇంట్లో అక్క జుట్టు సాపుగా, చెల్లెలి జుట్టు ఉంగరాలుగా ఉండటం మైదాన ప్రాంతాల్లో ఎంత మామూలో అడవిలోనూ అంతే మామూలు. ఆ సినిమా చూసిన తోటి విద్యార్థి హాస్టల్లో కోయపిల్ల జుట్టు మీద విసిరిన హాస్యం మేకప్పు గదిలో తయారయింది.

జీవశాస్త్రం ఏమంటుంది? వెంట్రుక వంపు ప్రధానంగా చర్మంలోని వెంట్రుక కుదురు ఆకారం మీద ఆధారపడుతుంది. దానికి పలు జన్యువులు కారణం. 2023లో అమెరికా పరిశోధకులు విగ్గులు తొడిగిన కొలత బొమ్మ మీద ఎండ తీవ్రతను పరీక్షించి, బిగుతుగా చుట్టుకున్న జుట్టు తలను ఎండ వేడి నుంచి ఎక్కువగా కాపాడుతుందని చూపారు. వేసవిలో కొత్తగూడెం ఎండ ఎరిగినవాళ్ళకు ఇది తేలికగా కొట్టిపారేసే సంగతి కాదు. వంపు జుట్టు లోపం కాదని చెప్పటానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అలాగని జుట్టు మార్చుకున్న ప్రతివాడూ బానిస అని తేల్చటం కూడా చరిత్రకు విరుద్ధం. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో పిలక తీసి క్రాపు చేయించుకున్న కుర్రవాళ్ళను ఇంట్లో పెద్దలు తిట్టారు, ఊళ్ళో చాందసులు వెలివేసినట్టు చూశారు. ఆ క్రాపు ఇంగ్లీషువాడి దగ్గర నేర్చినదే. అయినా అది మన దేశంలో ఆచారాన్ని ధిక్కరించే చిహ్నమయింది. ఆడది జుట్టు కత్తిరించుకుంటే పత్రికలు వెక్కిరించాయి. మరోవైపు ఇదే సమాజం బ్రాహ్మణ వితంతువు తలను ఆమె ఇష్టంతో పని లేకుండా గొరిగించింది. వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదిరించిన దురాచారాల వ్యవస్థలో ఆ మంగలికత్తి కూడా భాగం.

ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెడితే మనకు ఒక కొలత దొరుకుతుంది. మార్పు దేశీయమా, విదేశీయమా అన్నది కొలత కాదు. శిరోముండనం అచ్చంగా దేశీయమే. సహజమా, కృత్రిమమా అన్నదీ కాదు. దువ్వెన కూడా కృత్రిమమే. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వద్దంటే ఏం పోతుంది? క్రాపు వద్దన్న కుర్రవాడికి పిలక మిగిలేది, ఇంట్లో గౌరవమూ మిగిలేది. గుండు వద్దన్న వితంతువుకు కూడూ గూడూ పోయేవి. మొదటిది ఎంపిక. రెండోది నిర్బంధం. స్ట్రెయిటనింగ్ ఈ రెండింటిలో దేనికి దగ్గర?

జవాబు కోసం మార్కెట్టు చరిత్ర చూడాలి. భద్రాచలం అడవుల్లో ఇప్పగింజల నూనె ఉంది. శీకాయ, కుంకుళ్ళు ఉన్నాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుంచి కొన్న అటవీ ఫలసాయంలో ఇవి కూడా ఉన్నాయి. 1983లో కడలూరు నుంచి చిక్ షాంపూ చిన్న ప్యాకెట్లలో బయలుదేరింది; అంతకు ముందే వెల్వెట్ షాంపూ ఆ దారి వేసింది. పల్లె కిరాణా కొట్టులో ప్యాకెట్లు దండల్లా వేలాడాయి. శీకాయ ఏరిన చెయ్యి దాన్ని తూకానికి అమ్మి, చిల్లర డబ్బుతో షాంపూ కొనటం మొదలుపెట్టింది. తలంటు తేలికయింది, అది నిజమైన సౌకర్యమే. కాని ఆ ప్యాకెట్టు మీద బొమ్మగా వచ్చిన స్త్రీ జుట్టుకు జడ లేదు, వంపు లేదు. 1991 సరళీకరణ తరవాత, 1994లో సుస్మితా సేన్, ఐశ్వర్యా రాయ్ ప్రపంచ కిరీటాలు తెచ్చిన తరవాత, ఆ బొమ్మ టెలివిజన్ ద్వారా ప్రతి గడపలోకీ వచ్చింది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాదులోనే జరిగాయి. ములుగు జిల్లా రామప్ప గుడి దగ్గర ఒక పోటీదారు కాళ్ళు స్థానిక మహిళ కడిగి తుడిచిన దృశ్యం పెద్ద వివాదానికి దారితీసింది. నల్లరాతి మదనికల కొప్పులు చెక్కిన గుడి ముందు, అందం ఎవరిదో, సేవ ఎవరిదో ఆ ఒక్క దృశ్యం చెప్పింది.

ఇందులోని వైరుధ్యం ఎంతటిదో చూడండి. 1906 ప్రాంతంలో లండన్‌లో కార్ల్ నెస్లర్ అనే క్షురకుడు సాపు జుట్టును శాశ్వతంగా వంపులు తిప్పే యంత్రాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. తెల్లజాతి సంపన్న స్త్రీలు గంటల తరబడి కూర్చుని ఉంగరాలు కొనుక్కున్నారు. దాదాపు అదే కాలంలో అమెరికాలో నల్లజాతి స్త్రీల కేశసంరక్షణ వ్యాపారం పెరిగింది. అంతకు ముందు బానిసలుగా ఉన్న తల్లిదండ్రులకు 1867లో పుట్టిన మేడమ్ సి.జె. వాకర్ ఆ వ్యాపారంలో సంపన్నురాలయింది, వేలమంది నల్లజాతి స్త్రీలకు ఉపాధి చూపింది. అయితే ఆ సమాజంలో జుట్టును సాపు చేయించుకోవటం ఉద్యోగానికీ మర్యాదకూ షరతుగా నిలిచింది. తన యౌవనంలో క్షారం పూసి జుట్టు సాపు చేయించుకోవటాన్ని ఆత్మావమానంగా మాల్కం ఎక్స్ 1965లో వెలువడిన ఆత్మకథలో విమర్శించాడు. 1960లలో నల్లజాతి ఉద్యమం సహజ కేశాలను జెండాగా ఎత్తింది. అయినా జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపరాదని కాలిఫోర్నియా చట్టం చేయటానికి 2019 దాకా పట్టింది.

మన దేవాలయాల్లో భక్తులు సమర్పించే తలనీలాలకూ ఇందులో పాత్ర ఉంది. తిరుమల తలనీలాలు వేలంలో కోట్ల రూపాయలకు అమ్ముడై, విగ్గులుగా, అతుకుజుట్టుగా విదేశాలకు పోతాయి. పేద భక్తురాలు మొక్కుగా ఇచ్చిన జుట్టు ఎక్కడో మరొక స్త్రీ తలకెక్కుతుంది. ఎక్కడి స్త్రీకి ఏ జుట్టు ఉందో అది చాలదని చెప్పటమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. సాపుగా ఉంటే వంపు అమ్ముతుంది. వంపుగా ఉంటే సాపు అమ్ముతుంది.

రెండూ ఒకే సీసాలోంచి అమ్మవచ్చునని రసాయనశాస్త్రం చెబుతుంది. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తు. దాని పోగులను గంధకపు బంధాలు పట్టి ఉంచుతాయి. అమోనియం థయోగ్లైకొలేట్ ఆ బంధాలను తెంచుతుంది. అప్పుడు చుట్టకు చుడితే వంపు, కాల్చిన ఇస్త్రీ పలకలతో లాగితే సాపు. తరవాత హైడ్రోజన్ పెరాక్సైడ్ పూస్తే కొత్త ఆకారంలో బంధాలు మళ్ళీ బిగుస్తాయి. "శాశ్వతం" అన్న మాట బయటికి వచ్చిన వెంట్రుకకే వర్తిస్తుంది. కుదురు మారదు. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పాత ఉంగరాల జుట్టే మొలుస్తుంది. కొన్ని నెలలకు పై సగం ఒక తీరు, కింది సగం ఒక తీరు అవుతుంది. మళ్ళీ పార్లరు, మళ్ళీ డబ్బు. ఒకసారి చేసే ఖర్చని మొదలుపెట్టింది కౌలులా ఏటేటా కట్టవలసి వస్తుంది.

డబ్బుతోనే పోతే కొంత నయం. కెరటిన్, స్మూతెనింగ్ పేర్లతో జరిగే కొన్ని ప్రక్రియల్లో వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వెలువడుతుంది. సీసా మీద ఆ పేరు లేకపోయినా మిథిలీన్ గ్లైకాల్ అని ఉంటే ఫలితం అదే. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించింది. దాని బదులు వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లం వాడిన ప్రతిసారీ ఒక యువతికి మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతం 2024లో వైద్య పత్రికలో ప్రచురితమయింది. అమెరికాలో 33,497 మంది స్త్రీలను సుమారు 11 ఏళ్ళు పరిశీలించిన అధ్యయనం 2022లో వెలువడింది. స్ట్రెయిటనింగ్ మందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ళ వయసులోపు గర్భాశయ క్యాన్సరు వచ్చే అవకాశం 1.64 శాతమనీ, తరచుగా వాడినవారిలో 4.05 శాతమనీ అది అంచనా వేసింది. ఏ మందులోని ఏ పదార్థం కారణమో ఆ అధ్యయనం తేల్చలేదు. వాడినవాళ్ళందరికీ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. అయితే ఈ లెక్క తెలియకుండా తీసుకున్న నిర్ణయాన్ని స్వేచ్ఛా నిర్ణయమనలేము. ఏడాదికొకసారి కూర్చునే వినియోగదారు కంటే, రోజూ ఆ ఆవిరి పీల్చే పార్లరు పనిపిల్లకు ప్రమాదం ఎక్కువ. ఆమె గురించి ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు మన కొలతకు తిరిగి వద్దాం. వద్దంటే ఏం పోతుంది? ఇల్లు గడిచి, ఇంగ్లీషు వచ్చి, పెద్ద కులంలో పుట్టిన పట్టణపు యువతి ఉంగరాల జుట్టుతో కనబడితే అది ఫ్యాషను అంటారు, ధైర్యమంటారు. అదే జుట్టుతో ఏజెన్సీ పిల్ల షోరూము కౌంటరు ముందు నిలబడితే "నీటుగా లేదు" అంటారు. వెంట్రుకలో తేడా లేదు, తల ఎవరిదన్న దానిలో ఉంది. కనుక మొదటి యువతికి స్ట్రెయిటనింగ్ సరదా కావచ్చు. రెండో పిల్లకు అది ప్రవేశ రుసుము. సాపు జుట్టు ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఉద్యోగం అడగటానికి గడప దాటనిస్తుంది, అంతే.

పాపికొండల కొండరెడ్ల మధ్య 1941లో పనిచేసిన హైమెండార్ఫ్ తన 1945 నాటి గ్రంథంలో కలప వ్యాపారులు వాళ్ళను అప్పుతో ఎలా కట్టిపడేశారో నమోదు చేశాడు. కొలబద్ద కంటే ఆ లెక్క విలువైనది. మనిషి ఒంటిని కొలవటం మానేసి, ఆ మనిషి ఎవరికి ఎంత చెల్లిస్తున్నదో కొలవటం మన రచయితలు అక్కడ నేర్చుకోవలసిన పాఠం. ఏజెన్సీ పిల్ల తలకట్టు మీద నీతిపాఠం రాయటం సులువు. ఆమె దగ్గర ఆ రుసుము వసూలు చేస్తున్న షోరూము యజమానినీ, విగ్గు పెట్టి నవ్వించే దర్శకుడినీ, ఎగతాళిని చూసీ చూడనట్టు పోయే హాస్టలు అధికారినీ నిలదీయటం కష్టం. అభ్యుదయ సాహిత్యం రెండో పనికి ఉంది.

మరి ఆ పిల్లకు ఏం చెప్పాలి? తెలిసింది తెలిసినట్టు చెప్పాలి. నీ జుట్టులో దిద్దవలసిన తప్పు లేదు. తప్పున్నదన్న మాట ఎవరు, ఎప్పుడు, ఎందుకు పుట్టించారో ఇదీ వరస. మందు పేరు అడుగు. పేరు చెప్పని చోట కూర్చోవద్దు. కళ్ళు మండితే లేచి రా. ఆ తరవాత చేయించుకున్నా, మానుకున్నా నిర్ణయం నీది. చేయించుకున్నందుకు నిన్ను చిన్నచూపు చూసే హక్కు మాకు లేదు. మానుకున్నందుకు నీకు ఏ కొలువూ, ఏ గౌరవమూ పోని రోజు తెచ్చే బాధ్యత మాత్రం నీ ఒక్కదానిది కాదు, అది మా అందరిదీ.